ఒంట్లో రాడ్డు ఉంటే ఎంఆర్‌ఐ తీయకూడదా?

మా పిన్నికి పన్నెండేళ్ల కిందట స్కూటర్ మీంచి పడి తొడ ఎముక విరిగింది. లోపల రాడ్డు వేసి సరిచేశారు. ఆ తర్వాత ఆమె ఆ సంగతే మర్చిపోయింది. ఈమధ్య నడుము నొప్పి కాలిలోకి దిగి మడమ దాకా తిమ్మిరి పట్టేసరికి డాక్టరుగారు ఎంఆర్‌ఐ రాశారు. స్కానింగ్ సెంటర్లో ఫారం నింపుతూ "ఒంట్లో లోహం ఏదైనా ఉందా?" అని అడిగితే, "తొడలో రాడ్డు ఉందమ్మా" అని ఉన్నమాట చెప్పింది. అంతే. "ఏ రాడ్డో కాగితం తెస్తే తప్ప తీయలేమండీ" అని వెనక్కి పంపేశారు. పాత డిశ్చార్జి కాగితంలో చూస్తే "నెయిలింగ్ చేయడమైనది" అన్న ఒక్క ముక్కే ఉంది.

ఇంట్లో అందరికీ రెండు రకాల టెన్షన్. స్కాన్ తీయకపోతే నరం ఎక్కడ నొక్కుకుపోతోందో తెలియదు. తీస్తే ఆ అయస్కాంతం రాడ్డును లాగేస్తుందేమో! ఒకరు స్టీలు రాడ్డు తీయించేశాకే ఎంఆర్‌ఐ అన్నారు, ఇంకొకరు టైటానియం అయితే ఏమీ కాదన్నారు, పక్కింటాయన సీటీ తీయించుకుంటే గొడవే లేదన్నాడు. ఈ మూడు మాటల్లోనూ కొంత నిజముంది, కొంత పొరపాటుంది.

దీనికి తోడు 2025 జులైలో అమెరికా నుంచి వచ్చిన వార్త ఒకటి అందరినీ భయపెట్టింది. న్యూయార్క్ దగ్గర వెస్ట్‌బరీలో 61 ఏళ్ల మనిషి, భార్యకు మోకాలి స్కాన్ అవుతుండగా ఎంఆర్‌ఐ గదిలోకి వెళ్లాడు. మెడలో వ్యాయామం కోసం వేసుకున్న బరువైన ఇనుప గొలుసు ఉంది, దాదాపు 9 కిలోలు. యంత్రం ఆ గొలుసుతో సహా అతన్ని లాగేసింది. మర్నాడు చనిపోయాడు. ఆ వార్త చదివినవాళ్లకు తమ మోకాల్లో ఉన్న లోహం గుర్తుకు రావడం సహజం. కానీ మెడలో గొలుసు వేరు, ఎముకలో రాడ్డు వేరు. తేడా తెలియాలంటే ముందు యంత్రాల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

ఎక్స్‌రే, సీటీ, అల్ట్రాసౌండ్, ఎంఆర్‌ఐ: లోహంతో దేనికి పేచీ?

మనం అన్నిటినీ కలిపి "స్కానింగ్" అనేస్తాం. ఎక్స్‌రే, సీటీ రెండూ ఎక్స్ కిరణాలతో పనిచేస్తాయి. వాటిలో అయస్కాంతం లేదు. లోపల ఏ లోహమున్నా అది కదలదు. అల్ట్రాసౌండ్ అంటే శబ్ద తరంగాలు, దానికీ లోహంతో ప్రమాదం లేదు. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్‌లో కూడా ప్రమాదం లేదు గానీ, తుంటిలో లోహం ఉంటే లెక్క తప్పుగా వస్తుంది కాబట్టి రెండో వైపు తుంటిని చూస్తారు.

పేచీ అంతా ఎంఆర్‌ఐతోనే. అందులో రేడియేషన్ ఉండదు, ఈ సంగతి చాలామందికి తలకిందులుగా తెలుసు. ఉండేది పెద్ద అయస్కాంతం. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేవి 1.5 టెస్లా, 3 టెస్లా యంత్రాలు. టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలమానం. దిక్సూచి ముల్లును తిప్పే భూమి అయస్కాంత బలం సుమారు 0.00005 టెస్లా. దానితో పోలిస్తే 1.5 టెస్లా యంత్రం 30 వేల రెట్లు బలమైనది.

ఎంఆర్‌ఐ గొట్టంలో మూడు పనులు జరుగుతాయి. మొదటిది ఎప్పుడూ ఉండే పెద్ద అయస్కాంతం, మన ఒంట్లోని నీటిలో ఉన్న హైడ్రోజన్ కణాలను ఒక దిశకు తిప్పుతుంది. రెండోది రేడియో తరంగాలు, ఆ కణాలను కదిలిస్తాయి, అవి తిరిగి ఇచ్చే సంకేతాన్ని యంత్రం పట్టుకుంటుంది. మూడోది క్షణక్షణం మారే చిన్న అయస్కాంతాలు, ఏ సంకేతం ఎక్కడినుంచి వచ్చిందో గుర్తించడానికి. ఆ టకటక చప్పుడు వీటిదే. ఒంట్లో ఉన్న లోహంతో ఈ మూడింటిలో ఒక్కోటి ఒక్కో రకంగా ప్రవర్తిస్తుంది: మొదటిది లాగుతుంది, తిప్పుతుంది. రెండోది వేడి చేస్తుంది. మూడోది కొంచెం వణికిస్తుంది, తీగల్లో చిన్నపాటి కరెంటు పుట్టిస్తుంది.

ఇండక్షన్ స్టవ్ మీద పనిచేయని గిన్నె

ఇంట్లో ఇండక్షన్ స్టవ్ ఉన్నవాళ్లకు ఒక విషయం అనుభవమే. కొన్ని స్టీలు గిన్నెలు దాని మీద వేడెక్కవు. ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి అడుగున పెట్టి చూస్తే, పనిచేసే గిన్నెకు అతుక్కుంటుంది, పనిచేయని దానికి జారిపోతుంది. రెండూ స్టీలే. రెండిట్లోనూ ఇనుము ఎక్కువే. తేడా లోపలి అణువుల అమరికలో ఉంది. నికెల్ తగినంత కలిపితే ఇనుము అమరిక మారి, అయస్కాంతానికి స్పందించడం దాదాపు మానేస్తుంది.

ఎముకలకు వేసే ప్లేట్లు, స్క్రూలు, రాడ్లలో వాడే స్టీలు 316ఎల్ రకం. అందులో ఇనుము అరవై శాతానికి పైనే, అయినా నికెల్ బాగా ఉండటం వల్ల అయస్కాంతం దాన్ని చెప్పుకోదగ్గంతగా లాగదు. టైటానియాన్ని అంతకన్నా తక్కువ లాగుతుంది. మోకాలి చిప్ప మార్పిడిలోనూ, కొన్ని స్టెంట్లలోనూ వాడే కోబాల్ట్ క్రోమియం కూడా ఇంచుమించు అంతే. అంటే "స్టీలు వేశారు కాబట్టి లాగేస్తుంది" అన్నది ఎముకల ఆపరేషన్లకు సంబంధించి తప్పు మాట. ఎంఆర్‌ఐ కోసమని గట్టిగా కట్టుకున్న ఎముకలోంచి రాడ్డు తీయించేయడమన్నది అనవసరంగా ఇంకో ఆపరేషన్. వైద్యంలో అలాంటి ఆనవాయితీ లేదు.

పైగా ఆ రాడ్డు ఎముకలో స్క్రూలతో బిగించి ఉంటుంది. కాస్త లాగినా కదలడానికి చోటు లేదు. మెడలో గొలుసుకు ఆ బిగింపు లేదు, పైగా అది మామూలు ఇనుము.

ఎక్కువగా ప్రాణాలు తీసింది ఒంట్లో ఉన్నది కాదు, చేతిలో ఉన్నది

ఎంఆర్‌ఐ దగ్గర వార్తలకెక్కిన ప్రమాదాలను చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. 2001లో న్యూయార్క్ రాష్ట్రంలో మెదడులో గడ్డకు ఆపరేషన్ అయిన ఆరేళ్ల బాబుకు తర్వాతి స్కాన్ తీస్తున్నారు. బాబుకు ఆక్సిజన్ కావాలని ఇనుప సిలిండర్ గదిలోకి తెచ్చారు. అది చేతిలోంచి ఎగిరి తలకు తగిలి బాబు చనిపోయాడు. 2014లో నవీ ముంబయిలోని ఏక్ట్రెక్ క్యాన్సర్ పరిశోధన కేంద్రంలో ఇద్దరు సిబ్బంది యంత్రానికీ సిలిండరుకూ మధ్య ఇరుక్కుని దాదాపు నాలుగు గంటలు అల్లాడారు. 2018 జనవరిలో ముంబయి నాయర్ ఆసుపత్రిలో బంధువుకు తోడుగా వచ్చిన 32 ఏళ్ల యువకుడు ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని లోపలికి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. యంత్రం ఆఫ్‌లో ఉంది, పరవాలేదు అని సిబ్బందిలో ఒకరు చెప్పారని అతని కుటుంబం అంది.

ఆ "ఆఫ్‌లో ఉంది" అన్న మాట దగ్గరే అసలు విషయముంది. ఈ అయస్కాంతానికి మనం అనుకునే స్విచ్ లేదు. దాని తీగ చుట్టలు ద్రవ హీలియంలో, మైనస్ 269 డిగ్రీల దగ్గర మునిగి ఉంటాయి. ఆ చలిలో తీగకు నిరోధం సున్నా అవుతుంది, ఒకసారి ఎక్కించిన కరెంటు అలా తిరుగుతూనే ఉంటుంది. చప్పుడు ఆగినా, లైట్లు ఆర్పినా, ఆ రోజుకు స్కాన్లు అయిపోయి అందరూ ఇంటికి వెళ్లిపోయినా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. అత్యవసరమైతే దాన్ని ఆపే మీట వేరే ఉంటుంది. అది నొక్కితే హీలియం ఆవిరై బయటికి పోతుంది. మళ్లీ నింపడానికి లక్షల్లో ఖర్చు, రోజుల కొద్దీ పని.

ఇంకో సంగతి, లాగుడు నెమ్మదిగా పెరగదు. గుమ్మం దగ్గర చేతిలో సిలిండర్‌కు ఏమీ తెలియదు. దూరం సగానికి తగ్గితే లాగుడు రెండింతలు కాదు, పదింతలకు మించి పెరుగుతుంది. అందుకే జరిగినవాళ్లెవరికీ వదిలేసేంత సమయం దొరకలేదు. రోగికన్నా తోడు వచ్చినవాళ్లకు ఈ విషయం చెప్పడం ముఖ్యమని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఫారం నింపేది రోగి ఒక్కరే, గుమ్మం దాకా వచ్చేది నలుగురు.

ఒంట్లో లోహానికి అసలు సమస్య వేడి

ఇక లోపలి లోహం సంగతి. లాగుడు కన్నా ఇక్కడ డాక్టర్లు ఎక్కువ ఆలోచించేది వేడి గురించి. రేడియో తరంగాలు ఒంటిని కొద్దిగా వేడి చేస్తాయి. మామూలు స్కాన్‌లో అనుమతించే హద్దు కిలో బరువుకు 2 వాట్లు. 60 కిలోల మనిషికి లెక్కేస్తే 120 వాట్లు, అంటే పాతకాలపు అరవై వాట్ల బల్బులు రెండు. ఒళ్లంతా పరుచుకుంటుంది కాబట్టి కాస్త వెచ్చగా అనిపిస్తుంది, అంతే. అదే శక్తి ఒక తీగ చివర పోగుపడితే ఆ చివర చుట్టూ కండ కాలుతుంది.

ఎప్పుడు పోగుపడుతుంది? పాత టీవీ యాంటెన్నాకు పొడవు ముఖ్యమైనట్టే ఇక్కడా పొడవే ముఖ్యం. 1.5 టెస్లా యంత్రం వాడే రేడియో తరంగం 64 మెగాహెర్ట్‌జ్. గాలిలో దాని పొడవు 4.7 మీటర్లు. నీరు నిండిన మన ఒంట్లో ఆ తరంగం దాదాపు తొమ్మిదో వంతుకు కుంచించుకుపోయి సుమారు అర మీటరు అవుతుంది. అందులో సగం, అంటే ఇంచుమించు 25 సెంటీమీటర్ల పొడవున్న తీగ ఆ తరంగాన్ని బాగా పట్టుకుంటుంది. 3 టెస్లా యంత్రంలో తరంగం ఇంకా పొట్టిది కాబట్టి ఆ ఇబ్బందికరమైన పొడవు 13 సెంటీమీటర్ల దగ్గరికి వస్తుంది.

ఈ లెక్క పెట్టుకుని చూస్తే చాలా విషయాలు తేటపడతాయి. గుండె రక్తనాళంలో వేసే స్టెంటు రెండు మూడు సెంటీమీటర్లు, పెద్దగా వేడెక్కదు. పేస్‌మేకర్ నుంచి గుండెకు వెళ్లే తీగ అర మీటరు దాకా ఉంటుంది, చివర గుండె కండకు తగులుతుంది, అందుకే అక్కడ అంత జాగ్రత్త. తొడ రాడ్డు 35 నుంచి 40 సెంటీమీటర్లు. మెదడుకు స్కాన్ తీస్తుంటే తొడ యంత్రం ప్రభావానికి దూరంగా ఉంటుంది, నడుముకు తీస్తుంటే తొడ పైభాగం దగ్గరగా వస్తుంది. ఒకే రాడ్డు, ఒకే మనిషి, కానీ ఏ భాగానికి స్కాన్ అన్నదాన్ని బట్టి జాగ్రత్త మారుతుంది. 1.5లో ఫరవాలేదన్నది 3లో కూడా ఫరవాలేదని అనుకోవడానికీ, "మూడు టెస్లా అంటే కొత్త మిషన్, ఇంకా మంచిది" అని దానికోసం పట్టుబట్టడానికీ ఇందుకే వీల్లేదు. లోహం పక్కన బొమ్మ చెదిరేది కూడా 3లోనే ఎక్కువ.

ఆపరేషన్ అయిన కొత్తలో బయట అంటుకుని ఉండేవాటికీ ఈ వేడి సమస్య ఉంది. ఈసీజీ వైర్లు చుట్టగా పడుకుంటే చర్మం కాలుతుంది. ఉష్ణోగ్రత కొలిచే తీగ ఉన్న యూరిన్ పైపూ అంతే. నొప్పి తగ్గడానికి అంటించే కొన్ని మందు పట్టీల వెనక పల్చటి అల్యూమినియం పొర ఉంటుంది, కంటికి కనపడదు. ఇవి స్కాన్‌లో కాలుస్తున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లో హెచ్చరించింది.

ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గుర్తుల అర్థం

2005 నుంచి ప్రపంచమంతటా ఒంట్లో పెట్టే పరికరాలకు మూడు గుర్తులు వాడుతున్నారు. ఆకుపచ్చ చతురస్రం ఉంటే ఏ ఎంఆర్‌ఐలోనైనా ప్రమాదం లేదని. ప్లాస్టిక్, సిలికాన్ వంటివి ఇందులోకి వస్తాయి. ఎరుపు వృత్తానికి అడ్డగీత ఉంటే గదిలోకి రాకూడదని. మధ్యలో పసుపు త్రిభుజం ఉంది: చెప్పిన షరతుల్లో తీస్తే ఫరవాలేదని.

గందరగోళమంతా ఈ పసుపు దగ్గరే. ఎముకల రాడ్లు, కృత్రిమ మోకాళ్లు, స్టెంట్లు, గుండె కవాటాలు దాదాపు అన్నీ ఇందులోవే. "టైటానియం పూర్తి సేఫ్" అనేవాళ్లు దీన్ని ఆకుపచ్చ అనుకుంటారు, "లోహం ఉంటే వద్దు" అనేవాళ్లు ఎరుపు అనుకుంటారు. షరతులు ఇలా ఉంటాయి: అయస్కాంతం 3 టెస్లాకు మించకూడదు, వేడి హద్దు కిలోకు 2 వాట్లు, వరసగా 15 నిమిషాలకు మించి తీయకూడదు. రేడియాలజిస్టుకు ఈ అంకెలు తెలిస్తే యంత్రాన్ని అలా అమర్చుకుంటారు. తెలియకపోతే, ఏ షరతు పాటించాలో తెలియని స్థితిలో ఆయన ఆగిపోతారు. మా పిన్నిని వెనక్కి పంపిన అమ్మాయి మీద మాకు కోపం వచ్చింది గానీ, ఆమె అడిగింది న్యాయమే.

"ఆరు వారాలు ఆగాలి" అన్న లెక్క ఎక్కడిది?

ఆపరేషన్ అయిన ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా ఎంఆర్‌ఐ వద్దని ఇప్పటికీ చాలాచోట్ల చెబుతారు. దానికో కారణం ఉండేది. రక్తనాళాల్లో పెట్టే కొన్ని పాత తీగ చుట్టలు (కాయిల్స్), రక్తపు గడ్డలను ఆపే జల్లెడలు (ఫిల్టర్లు), స్టెంట్లలో అయస్కాంతానికి కొద్దిగా స్పందించే లోహం ఉండేది. చుట్టూ కణజాలం పెరిగి వాటిని పట్టుకునేదాకా ఆగితే మంచిదని ఆ గడువు పెట్టారు. అయస్కాంతం లాగని లోహానికి ఆ గడువుతో పనిలేదు, ఆపరేషన్ బల్ల మీద బిగించిన క్షణం నుంచీ అది కదలదు.

స్టెంట్ల విషయంలో ఇది తేలిపోయింది. 2007లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ విడుదల చేసిన ప్రకటన ప్రకారం, అప్పటికి పరీక్షించిన గుండె స్టెంట్లకు 3 టెస్లా వరకు ఎంఆర్‌ఐ ఎప్పుడైనా తీయొచ్చు. ఒక ఉదాహరణ అనుకుందాం. 55 ఏళ్లాయనకు స్టెంటు వేసి పది రోజులైంది. పొద్దున్నే మూతి వంకరపోయి, కుడి చెయ్యి పడిపోయింది. మెదడు ఎంఆర్‌ఐ కావాలి. ఇక్కడ ఆరు వారాలు ఆగితే పక్షవాతానికి వైద్యం చేసే సమయం దాటిపోతుంది. స్టెంటుకు జరిగే హాని దాదాపు లేదు, ఆగితే జరిగే హాని కళ్లముందే ఉంది.

అయితే ఆగమనే డాక్టరుదీ తప్పని కాదు. అంత తొందరలేని స్కాన్ అయి, లోపల పెట్టింది ఏమిటో స్పష్టంగా తెలియకపోతే ఆగడంలో నష్టమేమీ లేదు. పైగా ఆపరేషన్ అయిన కొత్తలో ఆ చోట వాపు, చెమ్మ, రక్తపు గడ్డలు ఉంటాయి. అక్కడే స్కాన్ తీస్తే మానుతున్న గాయాన్నీ చీమునూ విడదీసి చూడటం కష్టం. అంటే కొన్నిసార్లు ఆగమనేది లోహం గురించి కాదు, బొమ్మ అర్థం కావడం గురించి. కుట్లకు బదులు చర్మం మీద వేసే స్టీలు పిన్నులు కూడా చాలావరకు స్కాన్‌కు అడ్డం కావు, స్కాన్ తీసే చోటికి దగ్గరగా ఉంటే మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు.

బైపాస్ అయినవాళ్లకు రొమ్ము ఎముక కట్టడానికి వేసిన స్టీలు తీగలు జీవితాంతం ఉంటాయి. పిత్తాశయం తీసేటప్పుడు పెట్టే చిన్న క్లిప్పులు ఎక్కువగా టైటానియంవి. ఇవేవీ ఎంఆర్‌ఐకి ఆటంకం కావు. మన ఆడవాళ్లలో చాలామంది అడిగే ఇంకో ప్రశ్న కుటుంబ నియంత్రణ ఆపరేషన్ గురించి. చిన్న కోత పెట్టి చేసేదాంట్లో దారంతోనే ముడి వేస్తారు, లోహం లేదు. లాప్రోస్కోపీలో వేసే రింగు సిలికాన్ రబ్బరుది. కాపర్ టీలో రాగి ఉన్నా, అయస్కాంతం రాగిని లాగదు, 1.5లోనూ 3లోనూ తీయవచ్చని పరీక్షల్లో తేలింది.

పేస్‌మేకర్: రెండు వైపుల వాదన

చాలా ఏళ్లు పేస్‌మేకర్ అంటే ఎంఆర్‌ఐ గుమ్మం తొక్కకూడదన్నారు. తీగ చివర వేడి, పేస్‌మేకర్ తప్పుగా కొట్టుకోవడం, సెట్టింగులు చెరిగిపోవడం, ఇవీ భయాలు. 2011లో షరతులతో ఎంఆర్‌ఐకి పనికొచ్చే మొదటి పేస్‌మేకర్‌ను అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. తర్వాత వచ్చిన మోడళ్లలో చాలావాటికి ఆ వీలుంది.

మరి పాత మోడళ్లున్నవాళ్ల సంగతి? 2017లో అమెరికాలో మాగ్నసేఫ్ అనే అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ఎంఆర్‌ఐకి పనికొస్తాయని ముద్ర లేని పేస్‌మేకర్లతో 1000, గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే ఐసీడీ పరికరాలతో 500 స్కాన్లు 1.5 టెస్లాలో తీశారు, ఛాతీకి తప్ప. మరణం ఒక్కటీ లేదు, తీగ చెడిపోయిన కేసూ లేదు. ఒక ఐసీడీని మాత్రం మార్చాల్సి వచ్చింది. దీన్ని చూపి కొందరు నిపుణులు, పాత పేస్‌మేకర్ ఉందన్న ఒక్క కారణంతో క్యాన్సర్ రోగికో పక్షవాతం రోగికో ఎంఆర్‌ఐ కాదనడం అన్యాయం అంటారు.

అవతలివాళ్ల మాట కూడా వినాలి. ఆ అధ్యయనంలో ప్రతి స్కాన్‌కు ముందు పేస్‌మేకర్‌ను ప్రత్యేక పద్ధతిలోకి మార్చారు, స్కాన్ సాగినంతసేపూ గుండెను గమనించారు, తర్వాత మళ్లీ మామూలుకు తెచ్చారు. పరికరం తీసేసినా లోపలే వదిలేసిన పాత తీగలున్నవాళ్లను అసలు చేర్చుకోలేదు. ఊళ్లో సాయంత్రం పూట టెక్నీషియన్ ఒక్కడే ఉండే సెంటరులో ఆ ఫలితాన్ని నమ్ముకోలేం. నా మట్టుకు నాకు, పేస్‌మేకర్ మోడల్ కన్నా ఆ గదిలో ఎవరున్నారన్నది పెద్ద ప్రశ్నగా కనిపిస్తుంది. కార్డియాలజీ, రేడియాలజీ రెండూ ఒకే చోట ఉన్న ఆసుపత్రిలో కుదిరేది, వేరేచోట కుదరకపోవడం అందుకే.

నిజంగా ఆగి చూడాల్సిన కొన్ని

మెదడులో ఉబ్బిన రక్తనాళానికి వేసే క్లిప్పు ఇందులో మొదటిది. ఇప్పటివి టైటానియంవో, అయస్కాంతం లాగని మిశ్రమ లోహాలవో. కానీ పాతకాలంలో అయస్కాంతానికి తిరిగే క్లిప్పులుండేవి. అలాంటి క్లిప్పు ఎంఆర్‌ఐలో కదిలి రక్తస్రావమై రోగి చనిపోయిన కేసు 1990ల మొదట్లో వైద్య పత్రికలకెక్కింది. క్లిప్పు ఏదో కాగితం లేకపోతే ఎంత బతిమాలినా స్కాన్ తీయరు. అది సరైన పట్టుదల.

రెండోది కన్ను. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల గ్రైండింగ్, లేత్, వెల్డింగ్ పనిచేసేవాళ్ల కళ్లలో ఇనుప రజను పడటం మామూలే. నీళ్లతో కడుక్కుని పనిలో పడిపోతారు. ఒక సన్నని ముక్క లోపల ఉండిపోతే ఏళ్ల తరబడి ఏమీ తెలియకపోవచ్చు. ఎంఆర్‌ఐలో అది కదిలి చూపు పోయిన కేసు 1986 నాటికే నమోదైంది. అందుకే ఆ పని చేసినవాళ్లకు ముందు కంటికి ఎక్స్‌రే తీస్తారు. ఫారంలో "లోహపు పని చేశారా" అన్న ప్రశ్న ఉద్యోగం గురించి కాదు, ఈ రజను గురించి.

ఇంకా కొన్ని ఉన్నాయి, ఇవి గుర్తుకే రావు. కడుపులో రక్తస్రావం ఆపడానికి ఎండోస్కోపీలో పెట్టే చిన్న క్లిప్పుల్లో కొన్ని పాత రకాలు ఎంఆర్‌ఐకి పనికిరావు. అవి చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే ఊడిపోతాయి, ఉన్నాయో లేదో ఎక్స్‌రేలో తెలుస్తుంది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చర్మాన్ని సాగదీయడానికి పెట్టే సంచుల్లో చాలావాటికి లోపలే అయస్కాంతం ఉంటుంది. మెదడులో నీరు చేరినవాళ్లకు ఆ నీటిని మళ్లించడానికి వేసే గొట్టాల్లో, అంటే షంట్లలో, కొన్నిటికి అమరిక అయస్కాంతంతోనే మారుతుంది, స్కాన్ తర్వాత దాన్ని సరిచూడాలి.

మన రెండు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ కింద ఎందరో పిల్లలకు వినికిడి కోసం కాక్లియర్ ఇంప్లాంట్ వేశారు. చెవి వెనక చర్మం కింద అందులోనూ ఒక అయస్కాంతముంటుంది. కొన్ని పాత మోడళ్లకు తలకు గట్టిగా కట్టు కట్టి తీస్తారు, కొన్నిటికి చిన్న కోతతో అయస్కాంతం బయటికి తీసి మళ్లీ పెట్టాలి, కొత్త మోడళ్లలో కొన్నిటికి 3 టెస్లాలోనూ అలా తీయాల్సిన పనిలేదు. ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లవుతున్నారు. వాళ్ల మోడల్ కాగితం అమ్మానాన్నల బీరువాలో ఉండిపోతుంది.

తాళి, మెట్టెలు, పిన్నీసులు

బంగారాన్ని, వెండిని అయస్కాంతం లాగదు. అయినా తీయమంటారు. నగల్లో కలిపే ఇతర లోహాలు, కొక్కేలు ఏవో బయటికి తెలియవు. మెడచుట్టూ పూర్తి వలయంగా ఉన్న గొలుసులో కరెంటు పుట్టి వేడెక్కవచ్చు. మెడకు స్కాన్ అయితే బొమ్మ చెడుతుంది. కానీ నేను చూసినంతలో తాళి కన్నా దానికి తగిలించుకున్న పిన్నీసులే అసలు ప్రమాదం. అవి మామూలు ఉక్కు, అయస్కాంతం పట్టి లాగుతుంది. జడలో పిన్నులు, జాకెట్ హుక్కులు, మొలతాడుకున్న తాయెత్తు, జేబులో తాళంచెవి కూడా అంతే.

తాళి తీయడానికి మనసొప్పని పెద్దవాళ్లను ఎన్నో ఇళ్లలో చూశాం. పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుని, పుస్తెలు తీసి తోడు వచ్చినవాళ్ల చేతికిచ్చే పద్ధతి మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. దారంలోనూ పసుపుకొమ్ములోనూ లోహం లేదు. సిబ్బంది ఈ మాట మెత్తగా ముందే చెబితే గుమ్మం దగ్గర కన్నీళ్లు తప్పుతాయి. వేలికి బిగుసుకుపోయి రాని మెట్టెల విషయంలో, అవి వెండివే అయితే గుడ్డ చుట్టి తీయడానికి ఒప్పుకునే చోట్లున్నాయి, ఒప్పుకోని చోట్లూ ఉన్నాయి.

తిరుమల వెళ్లే దారిలో అలిపిరి దగ్గరో, విమానాశ్రయంలోనో ఉండే మెటల్ డిటెక్టర్ల గురించీ అడుగుతుంటారు. అది ఎంఆర్‌ఐ ముందు లెక్కలోకి రానంత బలహీనమైనది. కృత్రిమ మోకాలు మోగించవచ్చు, హాని చేయదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆగకుండా నడిచి వెళ్లిపోతే చాలు, చేతి డిటెక్టర్‌ను దాని మీదే ఉంచకుండా చూస్తే సరిపోతుంది.

ప్రమాదం లేకపోయినా బొమ్మ పాడవుతుంది

లోహం చుట్టూ అయస్కాంత క్షేత్రం వంగిపోతుంది కాబట్టి ఎంఆర్‌ఐ బొమ్మలో అక్కడ నల్లటి గుంత, అంచుల్లో తెల్లటి మెరుపు వస్తాయి. టైటానియంతో ఈ మచ్చ తక్కువ, స్టీలుతో ఎక్కువ. నడుముకు స్క్రూలు వేసిన చోటే నొప్పి మళ్లీ వస్తే ఇదే పెద్ద ఇబ్బంది. మచ్చ తగ్గించే ప్రత్యేక పద్ధతులు యంత్రాల్లో ఉన్నాయి, అందుకు అదనపు సమయం పడుతుంది.

పక్కింటాయన చెప్పిన సీటీ కూడా దీనికి అతీతం కాదు. లోహం ఎక్స్ కిరణాలను అడ్డుకోవడం వల్ల బొమ్మ నిండా గీతలు పడతాయి. ఎముక అతుక్కుందా, స్క్రూ వదులైందా అన్నది సీటీ బాగా చూపిస్తుంది. నరం నొక్కుకుపోయిందా, డిస్క్ జారిందా అన్నది ఎంఆర్‌ఐ బాగా చూపిస్తుంది. ఒకదానికి బదులు ఇంకొకటి అన్నిసార్లూ పనికిరాదు. పేస్‌మేకర్ వల్ల ఎంఆర్‌ఐ అసలు కుదరనివాళ్లకు వెన్నులో మందు ఎక్కించి సీటీ తీసే మైలోగ్రాం అనే పాత పద్ధతి ఇప్పటికీ అక్కరకొస్తుంది.

ఆ చిన్న స్టిక్కరు

ఒంట్లో పెట్టే పరికరాల డబ్బాల్లో చిన్న స్టిక్కర్లుంటాయి. కంపెనీ, మోడల్ నంబరు, బ్యాచ్ నంబరు వాటి మీద ముద్రించి ఉంటాయి. ఆపరేషన్ థియేటర్లో ఒకటి కేస్‌షీట్‌లో అంటిస్తారు. రోగి చేతికొచ్చే డిశ్చార్జి కాగితంలో మాత్రం చాలాసార్లు "ప్లేటింగ్ చేయడమైనది" అనే ఉంటుంది. పేస్‌మేకర్ వేసినవాళ్లకు కార్డు ఇస్తారు, ఎముకల రోగులకు ఆ అలవాటు మన దగ్గర తక్కువ. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ ఎన్‌పీపీఏ స్టెంట్ల ధరలకు పరిమితి పెట్టినప్పుడు, బిల్లులో స్టెంటు బ్రాండు, తయారీదారు, బ్యాచ్ వివరాలు విడిగా రాయాలని కూడా చెప్పింది. కాబట్టి ఆ తర్వాత స్టెంటు వేయించుకున్నవాళ్లకు కార్డు పోయినా బిల్లులో వివరం దొరికే అవకాశం ఉంది.

గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మన జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ మనుషులకు ఈ కష్టం ఇంకా ఎక్కువ. అక్కడ ప్రమాదం జరిగి ఆపరేషన్ అవుతుంది, కాగితాలు కంపెనీ దగ్గరో క్యాంపులోనో ఉండిపోతాయి. ఇక్కడికొచ్చాక ఎక్స్‌రే ఒక్కటే ఆధారం. అనుభవమున్న ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి రాడ్డు రకాన్ని చాలావరకు పోల్చగలరు, లోహం ఏదో మాత్రం చూపుతో తేల్చలేరు. అలాంటప్పుడు రేడియాలజిస్టు, డాక్టరు కలిసి మాట్లాడుకుని, ఆ కాలంలో వాడిన రాడ్లేమిటి, స్కాన్ ఎంత అవసరం, ఏ భాగానికి అన్నవి తూచి, 1.5 టెస్లాలో తక్కువ వేడి అమరికతో తీయడం కద్దు. వేడిగా అనిపిస్తే నొక్కమని రోగి చేతిలో పెట్టే రబ్బరు బుడగ అప్పుడు బాగా పనికొస్తుంది.

మా పిన్ని విషయంలో బాబాయి ఆ పాత ఆసుపత్రి రికార్డుల గది చుట్టూ నాలుగుసార్లు తిరిగారు. కేస్‌షీట్ చివరి పేజీలో రంగు వెలసిన స్టిక్కరు దొరికింది. టైటానియం రాడ్డు, మోడల్ నంబరుతో సహా. రేడియాలజిస్టు ఆ నంబరుకు షరతులు వెతికి, 1.5 టెస్లాలో మధ్యలో విరామం ఇస్తూ తీశారు. తొడలో ఏమైనా తెలిసిందా అని అడిగితే, చప్పుడుకు నిద్ర పట్టలేదంది. నడుములో నాలుగు, ఐదు పూసల మధ్య డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని తేలింది. ఇప్పుడు ఆ స్టిక్కరు ఫొటో మా ఇంట్లో నలుగురి ఫోన్లలో ఉంది. జిరాక్సు కాపీ ఒకటి పిన్ని తన ఆధార్ కార్డుతో కలిపి పర్సులో పెట్టుకుంది.